కొండాపూర్ అడ్డాలో వారానికి ఎనిమిది రోజులు

సెంట్రింగ్ మేస్త్రి రామచంద్రానికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పుట్టగానే అందరు పిల్లల్లా ఏడవలేదట. మంత్రసాని మొహంలోకి, ఆమె చేతిలోని కత్తి వంక మార్చి మార్చి చూసి, సంగతి తేల్చుకున్నాకే గొంతు విప్పాడట. ఈ మాట ఆ మంత్రసానే ఊరంతా చెప్పుకు తిరిగింది కాబట్టి నమ్మక తప్పదు.

అప్పటికి కొండాపూర్ అంటే నాలుగు వాడలు, నలభై బండలు. రామచంద్రం తండ్రి ఆ బండలు కొట్టి బతికేవాడు. ఇంటి వెనక ఏనుగంత బండ ఒకటి ఉండేది. పదేళ్ల రామచంద్రం ఒకనాడు దాన్ని వేలి కణుపుతో తట్టి, "నాయనా, ఇది లోపల బోలుగున్నది" అన్నాడు. తండ్రి నవ్వి సుత్తితో ఒక్కటి వేశాడు. బండ రెండుగా విడిపోయి, లోపల్నుంచి ఉడుముల కుటుంబం ఒకటి, ముసలి తాతతో సహా, తీరిగ్గా బయటికి నడిచి వచ్చింది. ఇప్పుడా చోట పదహారంతస్తుల అద్దాల మేడ ఉంది. మెడలో కార్డులు వేసుకుని అందులోకి వెళ్లే పిల్లలకు తాము ఎవరి ఇంటి మీద కూర్చున్నారో తెలియదు.

అలాంటివాడికి సెంట్రింగ్ పని తగిన పనే. స్లాబు పోసేముందు కింద పలకలు పరిచి, కర్రలు నిలబెట్టి, కాంక్రీటు గట్టిపడేదాకా దాని బరువు మోయించాలి. ఎవర్నైనా ఊరికే నమ్మేవాడు చేయగల పని కాదది. ప్రతి కర్రనూ కాలితో తన్ని చూడాలి, ప్రతి మేకునూ వేలితో కదపాలి. ముప్పై ఐదేళ్లలో రామచంద్రం నిలబెట్టిన స్లాబు ఒక్కటీ కూలలేదు. పెళ్లిలో కూడా ఆయన పీటల మీద కూర్చోబోయే ముందు పందిరి గుంజలు నాలుగూ ఊపి చూశాడు. నాలుగోది ఊడి వస్తే, మళ్లీ గట్టిగా పాతించాకే కూర్చున్నాడు. పెళ్లికూతురు తరఫువాళ్లు నొచ్చుకున్నారు గాని, ఆ పూట గాలివానకు పక్క వీధి పందిళ్లు కొట్టుకుపోతే ఈ ఒక్క పందిరే మిగిలింది.

రోజూ ఏడింటికల్లా ఆయన కొండాపూర్ అడ్డాకు చేరతాడు. అడ్డా అంటే కట్టడమేమీ కాదు, రోడ్డు పక్కన మందుల దుకాణం నుంచి మొబైల్ రిపేరు షాపు దాకా ఉన్న ఫుట్‌పాత్. పొద్దున్నే నూటయాభై మంది దాకా కూలీలు అక్కడ నిలబడతారు. తాపీ పట్టుకున్నవాళ్లు గోడలు కట్టేవాళ్లు, బ్రష్షులు పట్టుకున్నవాళ్లు రంగులవాళ్లు. చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, ఇనుప తట్ట చంకన పెట్టుకున్న ఆడవాళ్లు ఇటుక, ఇసుక మోసేవాళ్లు. బైకుల మీద, ట్రాలీ ఆటోల్లో కాంట్రాక్టర్లు వచ్చి బేరమాడి, కావలసినవాళ్లను తీసుకుపోతారు. పదింటికి ఇంకా నిలబడి ఉన్నవాడికి ఆ రోజు పని లేనట్టే.

ఆ అడ్డాకు ఎక్కడా రాయని చట్టం ఒకటుంది. కాంట్రాక్టరు మొదట అడిగేది, "నిన్న ఎక్కడ చేసినవ్?" అని. "ఖాళీగున్న" అన్నవాడు చెడ్డాడు. ఖాళీగా ఉన్నాడంటే వాడి పనిలో లోపమైనా ఉండాలి, ఇంట్లో అవసరమైనా ఉండాలి. రెండింటికీ రేటు తగ్గుతుంది. ఒకడి రేటు తగ్గితే మర్నాటికి అందరి రేటూ తగ్గుతుంది. అందుకని పది రోజులు పని దొరకనివాడైనా, "నిన్ననా? గచ్చిబౌలిల విల్లా పని" అని ఠక్కున అనాలి. మాటకు తోడు వేషం కూడా ఉండాలి. ఇల్లు కదిలేముందు మగవాళ్లు చొక్కా మీద గుప్పెడు సిమెంటు చల్లుకుంటారు, ఆడవాళ్లు తట్టకు తడి సిమెంటు పూసుకొస్తారు. వెనకటికి ఒకాయన మరీ నమ్మకంగా ఉండాలని రోజూ పాదాలు సిమెంటు బస్తాలో ముంచుకొచ్చేవాడు. ఓ రోజు అడ్డాలో నిలబడి ఉండగా వాన పట్టుకుంది. సాయంత్రానికి ఆయన కాళ్లు ఫుట్‌పాత్‌తో కలిసిపోయాయి. డ్రిల్లింగ్ మెషీను తెచ్చి విడదీయాల్సి వచ్చింది. ఆ గుంటలు రెండూ మందుల దుకాణం ముందు ఇప్పటికీ చూపిస్తారు.

ఈ ఏడు ఎండలు ముదురుతుండగా ఆ గుంటల పక్కనే ఎర్ర రంగు గుర్తులు వెలిశాయి. ఫ్లైఓవర్ స్తంభాల కోసం కొలిచి వెళ్లారని దుకాణం ఆయన చెప్పాడు. స్తంభాలు లేస్తే ఫుట్‌పాత్ ఉండదు. ఫుట్‌పాత్ లేకపోతే అడ్డా ఉండదు. కాంట్రాక్టరు వెతుక్కుంటూ వచ్చే చోటంటూ ఒకటి లేకపోతే కూలీకి చేతిలో పనిముట్టు ఉండీ లేనట్టే. రెండేళ్ల కిందట ఎదుటి అపార్టుమెంట్ల నుంచి ఎవరో "పనిలేని గుంపు చేరుతోంది" అని ఫిర్యాదు చేస్తే, వారం పాటు అక్కడ ఎవర్నీ నిలబడనివ్వలేదు. ఆ వారంలో కాంట్రాక్టర్లంతా మూసాపేట దారి పట్టారు. వాళ్లను మళ్లీ ఇటు తిప్పడానికి మూడు నెలలు పట్టింది. ఈసారి చోటే పోతే మళ్లించడానికి దారి కూడా ఉండదు.

గుర్తులు పడిన నాలుగో రోజు పొద్దున సంయుక్త వచ్చింది. పాతికేళ్ల పిల్ల. భుజాన సంచి, చేతిలో ట్యాబు. నవ్వు మొహం. ఆ నవ్వు చూడగానే రామచంద్రం చెవి దగ్గరున్న పెన్సిల్ సర్దుకున్నాడు. అది ఆయనకు అనుమానం వచ్చినప్పటి గుర్తు.

"ఏ ఆఫీసు బిడ్డా మీది?"

"సర్వే అంకుల్. కన్‌స్ట్రక్షన్ వర్కర్ల మీద. పోయిన ఏడు రోజుల్లో మీకు ఎన్ని రోజులు పని దొరికిందో చెప్తే చాలు. మూడు నెలలకోసారి చేస్తాం కదా, పోయినసారి మా సార్ వచ్చారు."

"మీ సారు కాయితం తెచ్చిండు. గిదేంది?"

"ట్యాబ్."

"ఫొటో దీస్తదా?"

"తీస్తుంది. కానీ నేను తీయను."

"తియ్యనిదానికి కన్నెందుకు పెట్టుకున్నదో!" అని రామచంద్రం వెనక్కి తగ్గి, మొబైల్ షాపు మెట్టు మీద కూర్చున్న సక్కుబాయి దగ్గరికి చేరాడు.

సక్కుబాయికి అరవై దాటాయి. పాలమూరు వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట వచ్చి, హైటెక్ సిటీలో సగం ఇటుకలు తన నెత్తి మీదుగానే పైకెక్కాయని చెప్పుకుంటుంది. అడ్డా ఆడవాళ్లకు ఆమె మాటే మాట.

"అక్కా, చూసినవా? గుర్తులు పడంగనే పిల్ల దిగింది" అన్నాడు రామచంద్రం గొంతు తగ్గించి.

"దిగితే?"

"పనిలేనోళ్లు ఎందరున్నరో రాసుకపోతది. మల్ల గుంపు చేరుతున్నదని చెప్పి లేపేస్తరు. పోయినసారి లేపలేదా?"

"మరేం జేద్దమంటవ్?"

"ఖాళీగున్నోడు ఒక్కడు గూడ ఉండొద్దు. ఏడు దినాలు నిండుగ పని. ఎవరినడిగినా గదే మాట."

అడ్డాకు ఇది కొత్త పాఠమేమీ కాదు. ఆ మాట ఫుట్‌పాత్ పొడుగునా గాలిలా పాకిపోయింది. సంయుక్త ఎవరి ముందు ఆగినా ఏడే. నెల రోజులుగా బ్రష్షు తడవని పెయింటరుకూ ఏడే. ముందు రోజే బస్సు దిగి వచ్చినవాడికీ ఏడే. ఆ వారం నిజంగా రామచంద్రానికి పని దొరికింది రెండు రోజులు, సక్కుబాయికి ఒకటి. ఆమె వంతు వచ్చేసరికి ఏడు మరీ పాతబడిపోయినట్టనిపించిందో ఏమో, "ఎనిమిది" అంది.

"వారానికి ఏడు రోజులే కదమ్మా!"

"మీకు ఏడే ఉంటయి బిడ్డా, కుర్సీల కూసుండే పని. మాది బరువు పని."

"ట్యాబ్ ఏడు దాటనివ్వట్లేదమ్మా."

"అట్లనా? అయితే ఏడేసుకో. మిగిలినొక్కటి వచ్చే వారానికి కలుపు."

చుట్టూ నవ్వులు లేచాయి. సంయుక్త కూడా నవ్వింది గాని, ట్యాబు మూసి రామచంద్రం వైపు తిరిగింది. "అంకుల్, అందరికీ ఏడు రోజులూ పనుంటే, ఇంతమంది ఇవాళ ఇక్కడ ఎందుకు నిలబడ్డారు?"

"ఎనిమిదోదానికి" అన్నాడు రామచంద్రం.

ఆ పిల్ల ఏమనుకుందో ఏమో, పోతూ పోతూ ఒక మాట వదిలి వెళ్లింది. "శుక్రవారం మళ్లీ వస్తాను. పదిమందిలో ఒకరిని మళ్లీ అడిగి చూడాలి. అది రూల్."

"చెప్పింది నమ్మరన్నట్టు!" అని రామచంద్రం ఆ పూటంతా చిరాకుపడ్డాడు. ఊళ్లో అందర్నీ అనుమానించే హక్కు తనకుంది గాని, తనను ఎవరైనా అనుమానిస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది.

బుధవారం నాడు చిన్న పని తగిలింది. నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు వాచ్‌మన్ గదికి పైకప్పు వేయాలి. పిలిచింది ఆ అపార్టుమెంటు సంఘం కార్యదర్శి చలపతిరావు. కాకినాడ మనిషి. ప్రభుత్వ గణాంక శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. లెక్కలు చెప్పించుకునేవాళ్లు ఇంట్లో ఎవరూ మిగలక, పనివాళ్లు వస్తే చాలు కుర్చీ, పేపరు పట్టుకుని కిందికి దిగిపోతాడు. రామచంద్రం పైన పలకలు కొడుతున్నాడు, సక్కుబాయి కింద ఇసుక జల్లిస్తోంది. చలపతిరావు పేపరు విప్పాడు.

"చూశావుటయ్యా మేస్త్రీ, మీ రంగం దివ్యంగా వెలిగిపోతోంది! దేశంలో నిర్మాణాల ఉత్పత్తి పెరిగింది. కొత్త భవనాల పర్మిషన్లు పెరిగాయి. మన నగరంలో కూలీలకు చేతినిండా పని ఉందిట."

"అబద్ధం సారూ."

"అదేవిటయ్యా, పేపర్లో వేస్తేనూ!"

"పేపర్ల వేసినోడు పదింటికి అడ్డాకొచ్చి చూసిండా? నాలుగేండ్ల కింద నెలల ఇరవై దినాలు పని ఉండె. ఇప్పుడు పది దొరికితే గొప్ప. ఇండ్లు పెరిగి మనిషి ఖాళీగెట్లుంటడు? మేడలేమన్న గుడ్లు పెడ్తున్నయా?"

చలపతిరావు మొహం విచ్చుకుంది. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత మంచి ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఒక్కొక్కటీ విడదీసి చూడాలయ్యా. పర్మిషన్ ఉంది చూశావూ, అది శుభలేఖ లాంటిది. అచ్చు వేయించినంత మాత్రాన భోజనం వడ్డించినట్టు కాదు. ఫీజులు పెరుగుతాయని పుకారు పుడితే చాలు, కట్టేవాడూ కట్టనివాడూ పరుగెత్తుకెళ్లి పర్మిషన్ తెచ్చుకుని బీరువాలో పెట్టుకుంటారు. లెక్కలో మాత్రం పెరిగినట్టే కనపడుతుంది."

"గది సరే. మరి ఉత్పత్తి?"

"దానికి సిమెంటెంత పోయింది, ఇనుమెంత పోయింది అని చూస్తారు. అందులో అబద్ధం తక్కువ."

రామచంద్రం ఆలోచించాడు. అది నిజమే కావచ్చు. కొత్తగూడ దగ్గర నలభై అంతస్తుల టవరు ఒకటి లేస్తోంది. వారానికో స్లాబు పడిపోతోంది. తన పద్ధతిలో అయితే అరవైమంది కావాలి. వాళ్లు అల్యూమినియం పలకలు తెచ్చి పిల్లల ఆటవస్తువుల్లా ఒకదానికొకటి తగిలిస్తున్నారు. ఇరవైమంది చాలు. కాంక్రీటు ఎక్కడో కలిపి లారీలో వస్తుంది, గొట్టంలోంచి పైకెక్కుతుంది. దానికి తట్ట అక్కర్లేదు. ఆ ఇరవైమంది కూడా ఎక్కడినుంచో వచ్చి సైటులోనే రేకుల గదుల్లో ఉంటారు. అడ్డా మొహం చూడరు. మేడ ఎంత పెరిగితే మనిషి అంత తగ్గుతున్నాడన్న మాట.

"అయితే సారూ, చేతినిండ పనున్నదని ఎవడు రాసిండు? గది చెప్పు."

"ఉపాధి లెక్క సిమెంటుతో తేలదయ్యా. మనుషుల్ని అడగాలి. మూడు నెలలకోసారి పిల్లలు మీ అడ్డాలకే వచ్చి అడుగుతారు, వారంలో ఎన్ని రోజులు పని దొరికిందీ అని. మీరు చెప్పిందే ఇక్కడ అచ్చవుతుంది."

పైన సుత్తి ఆగిపోయింది.

కింద జల్లెడ కూడా ఆగింది. సక్కుబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఇసుక కుప్ప మీద కూలబడి నవ్వింది. "తమ్మీ! పేపర్ల అబద్ధం రాసినోడు దొరికిండే! జర అద్దంల చూస్కో!"

రామచంద్రానికి నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా పేపరు చూసి పళ్లు నూరుతున్నాడు. ఎవడో ఎక్కడో కూర్చుని కూలివాడి కడుపు మీద అబద్ధాలు వండుతున్నాడని అనుకుంటున్నాడు. వచ్చిన ప్రతి సర్వేకూ ఏడని చెప్పి, ఆ వంటకు కట్టెలు మోసింది తనే.

చలపతిరావు అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. "ఈసారి మాత్రం జాగ్రత్తగా చెప్పండయ్యా" అన్నాడు పేపరు మడుస్తూ. "రోడ్డు పనుల్లో పోయే అడ్డాలకు బదులు చోట్లు ఇస్తారట. మా పాత ఆఫీసులో అనుకుంటున్నారు. ఈ లెక్క చూసే నిర్ణయిస్తారు. ఎక్కడ పనిలేక ఎక్కువమంది నిలబడుతున్నారో అక్కడికి షెడ్డు, మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. అందరికీ రోజూ పనున్న అడ్డాకు నిలబడే చోటెందుకూ అంటారు కదా."

సక్కుబాయి నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా ఆమె పొద్దున లేచింది మొదలు పని చోటు చేరేదాకా గుక్కెడు నీళ్లు తాగదు. తాగితే అడ్డాలో ఎక్కడికి పోవాలి? ఎండాకాలంలో రెండుసార్లు పడిపోయింది. అడ్డాలో ఉన్న ఆడవాళ్లందరిదీ అదే వరస.

"నువ్వేం జెప్పమన్నవ్ తమ్మీ మాకు?" అంది మెల్లగా. రామచంద్రం చెవి దగ్గర పెన్సిల్ సర్దుకున్నాడు.

నిజంగానే ఆయనకు చలపతిరావు మీద కూడా అనుమానం వచ్చింది. ఈయనకెలా తెలుసు? ఎదుటి అపార్టుమెంట్లవాళ్లకు ఈయన దోస్తేమో! ఖాళీగా ఉన్నామని మనతోనే చెప్పించి, రేపు దాన్నే చూపించి లేపేస్తే? గురువారం పని ముగియగానే ఇంటికి పోకుండా బస్సెక్కి మూసాపేట వెళ్లాడు. అక్కడి అడ్డాలో రంగుల మేస్త్రి శివశంకర్ ఆయనకు పాత దోస్త్. ఇంటి ముందు బకెట్లు కడుక్కుంటున్నాడు.

"ఏం శంకరన్నా, మీ కాడికి సర్వే పిల్ల వచ్చిందా?"

"వచ్చింది. పోయిన నెల అడిగితే మూడు దినాలే దొరికిందని చెప్పినం."

"నిజం చెప్పిన్రా?" రామచంద్రం అదిరిపడ్డాడు. "కాంట్రాక్టర్లు వినలేదా?"

"విన్నరు. రెండు దినాలు ఎక్కిరించిన్రు, రేట్లు కోసిన్రు. ఇగ అందరం ఒక్కటే మాట మీదున్నంక ఎవని రేటని కోస్తరు? గా మెట్రో పిల్లర్ అవతల ఖాళీ జాగల సున్నం గీతలు గీసిపోయిన్రు, షెడ్డుకని. నువ్వు పోయి చూస్కో, నా మాట నమ్మవుగా."

రామచంద్రం పోయి చూసుకున్నాడు. గీతలు ఉన్నాయి. వంగి వేలితో రాసి, అది సున్నమే అని, ఎవరో ఆటకు చల్లిన పిండి కాదని తేల్చుకున్నాడు. తిరుగు బస్సులో నిలబడి లెక్క వేసుకున్నాడు. శుక్రవారం పిల్ల వస్తుంది. చాటుకు పిలిచి నిజం చెప్పొచ్చు. కాని చాటున చెప్పింది ఒకడి మాటే అవుతుంది. మిగతా నూటయాభైమందికి అబద్ధం నేర్పింది నలుగురిలో. దాన్ని విప్పాలన్నా నలుగురిలోనే విప్పాలి.

శుక్రవారం అడ్డాకు అన్నిటికంటే ముందు వచ్చింది కాంట్రాక్టరు రాకేష్ బైకు. ఏళ్ల తరబడి రామచంద్రం చేతి పని ఎరిగినవాడు.

"అన్నా, తెల్లాపూర్‌ల విల్లా. పదిహేను దినాల పని. సెంట్రింగుకు నువ్వు, నీతోని పదిమంది. రేటు నువ్వన్నదే. బండెక్కు."

పదిహేను రోజుల పని ఆ ఏడాది అడ్డాలో ఎవరూ చూడలేదు. రామచంద్రం వెనక అప్పుడే పదిమంది సంచులు సర్దుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే రోడ్డు దాటి సంయుక్త వచ్చింది. ట్యాబు తెరిచి పేర్లు చదివింది. పదిహేను పేర్లు. వాటిలో సక్కుబాయి ఉంది, రామచంద్రం లేడు.

"నన్నడుగు బిడ్డా" అన్నాడు.

"మీ పేరు రాలేదు అంకుల్."

"రాకుంటే రప్పియ్యి."

"అట్లా కుదరదు. ట్యాబే తీస్తుంది."

"అయితే నీ ట్యాబును కూడ ఇనమను." రామచంద్రం మందుల దుకాణం మెట్టెక్కాడు. ఎన్ని మేడల కిందో నిలబడి పైకి అరిచిన గొంతది. ఫుట్‌పాత్ రెండు చివరలా వినపడింది. "పోయిన వారం నాకు దొరికింది రెండు దినాలు. గా ముందటి వారం ఒక్కటి. ఏడని చెప్పింది అబద్ధం. మిమ్మల్ని చెప్పుమన్నది కూడ నేనే. మూసాపేటోళ్లు నిజం చెప్పిన్రు, వాళ్లకు జాగ చూపిచ్చిన్రు. నేను పోయి చూసొచ్చిన. మనం గిట్లనే కోతలు కోసుకుంట కూసుంటే, మనకు పనున్నది, జాగెందుకని ఊకుంటరు. ఇగ మీ ఇష్టం."

కాంట్రాక్టర్ల ముందు, పట్టపగలు, ఒక మేస్త్రి తన నోటితో తాను ఖాళీ అనుకోవడం ఆ ఫుట్‌పాత్ పుట్టాక జరగలేదు.

మొదట తేరుకున్నవాడు రాకేష్. "రెండు దినాలేనానే? మరి నాకు అంత రేటెట్ల చెప్పినవ్?"

"చేతికి చెప్పిన. ఖాళీకి కాదు."

"గట్లెట్ల? జర తగ్గియ్యి, పోదం."

"తగ్గియ్య."

రాకేష్ రామచంద్రాన్ని వదిలి పక్కవాళ్ల వైపు తిరిగాడు. అప్పటికే సంయుక్త సక్కుబాయి ముందు నిలబడింది. "అమ్మా, మొన్న ఏడు చెప్పారు..."

"ఏడేంది, ఎనిమిది చెప్పిన. గా ఎనిమిదిలకెల్లి ఏడు తీసెయ్యి. మిగిలింది రాస్కో."

ఆమె తర్వాత ఇంకొకామె రెండంది. ఒక పెయింటరు తలొంచుకుని సున్నా అన్నాడు. ఐదుగురు మాత్రం రాకేష్ వంక చూసి, ఏడు మీదే ఉన్నారు. పదిహేనుమందిలో పదిమంది మాట మారిపోయేసరికి సంయుక్త నుదురు తుడుచుకుంది. ఇంత తేడా వస్తే అందర్నీ మొదటినుంచీ మళ్లీ రాయాలి, అదీ రూలే.

ఆ గోలలో రాకేష్ ఎవరి రేటూ తేల్చుకోలేక బైకు తిప్పేశాడు. ఇంకో అడ్డాకు పోతున్నానని అరిచి మరీ పోయాడు. సంచులు సర్దుకున్న పదిమందీ వాటిని మళ్లీ కిందికి దించారు. వాళ్లలో బాలనర్సయ్య అనేవాడు రామచంద్రం మీదికి వచ్చాడు. కూతుర్ని కాలేజీలో చేర్చే ఖర్చు నెత్తి మీదున్నవాడు.

"పదిహేను దినాల పని మట్టిల కలిపినవ్ గదనే! నీ నిజం పది నిమిషాలు ఆగలేదా? బండెక్కినంక చెప్తే ఏం బోయె?"

ఆ సంగతి రామచంద్రానికి తట్టలేదన్నది నిజం. తలకాయ ఊపాడు. బాలనర్సయ్య ఆయన్ను ఇంకో నాలుగు మాటలని, వెళ్లి సంయుక్త ముందు వరసలో నిలబడి, "రెండు" అన్నాడు కోపంగా.

రాయడం పదకొండింటిదాకా సాగింది. రామచంద్రం ఆ పిల్ల భుజం పక్కనే నిలబడి, ప్రతి అంకె నొక్కినప్పుడల్లా తొంగి చూశాడు. ఒకచోట ఆమె వేలు జారి రెండు బదులు మూడు పడితే, "దిద్దు" అన్నాడు. ఎండకు ఆమె మొహం కందిపోయింది. సక్కుబాయి తన సీసాలోంచి నీళ్లిచ్చింది.

"మీరు తాగరా అమ్మా?"

"నాకింకా జాగ రాలేదు బిడ్డా."

సంయుక్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తాగుతున్న సీసా దించేసింది. ట్యాబులో అడగని సంగతులు రాయడానికి అడుగున ఒక ఖాళీ గడి ఉంటుంది. అందులో చాలాసేపు ఏదో రాసింది. వెళ్లేముందు రామచంద్రాన్ని అడిగింది. "ఇప్పుడు నేను రాసింది కరెక్టే కదా అంకుల్?"

"నువ్వు రాసింది కరెక్టే. మీదికి పోయినంక ఏమయితదో చూడాలె."

తర్వాతి రెండు వారాలు రామచంద్రానికి గడ్డురోజులు. కాంట్రాక్టర్లు "ఏం మేస్త్రీ, ఈ వారం ఎన్ని?" అని నవ్వారు. ఒకరిద్దరు రేట్లు కోశారు. బాలనర్సయ్య ఆయనతో మాట్లాడటం మానేశాడు. రామచంద్రం మాత్రం రోజూ ఎర్ర గుర్తుల దగ్గర నిలబడి, అవి కొంచెం జరిగాయేమోనని అడుగులతో కొలుచుకున్నాడు.

వానలు మొదలయ్యాక సంయుక్త ఫోన్ చేసింది. "అంకుల్, లిస్టు వచ్చింది. మీ అడ్డా ఉంది. పదకొండో నంబరు."

"పదో నంబరెవరిది?"

"అదెందుకు అంకుల్?"

"పదికాడ పైసలైపోతయేమో అని."

అయిపోలేదు. అడ్డాకు రెండు వందల గజాల దూరంలో, మురుగు నాలా పక్కన ఖాళీ స్థలం చూపించారు. షెడ్డు వస్తుందని తెలిసిన రోజున అడ్డాలో పండగే. పునాదికి పదిమంది, గోడకు పదిమంది, కప్పుకు రామచంద్రం, రంగుకు పెయింటర్లు అని ఎవరి వాటా వాళ్లు పంచేసుకున్నారు. బాలనర్సయ్య కూడా వచ్చి, "సెంట్రింగుల నన్ను మర్శిపోకు" అన్నాడు. కోపం తీరిందనుకోవచ్చు.

ఒక సోమవారం పొద్దున లారీ వచ్చింది. అందులో షెడ్డు ఉంది. మొత్తం షెడ్డు. స్తంభాలు, రేకులు, మరుగుదొడ్డి గదులు, నీళ్ల ట్యాంకు, అన్నీ ఎక్కడో తయారై, నంబర్లు వేసుకుని వచ్చాయి. లారీ మీంచి నలుగురు మనుషులు దిగారు. ఒడిశావాళ్లు. చిన్న క్రేనుతో దించి, బోల్టులు బిగించి, మధ్యాహ్నానికల్లా నిలబెట్టేశారు. ఇటుక లేదు, ఇసుక లేదు, తట్ట లేదు. నగరంలో సగం కట్టిన నూటయాభైమంది చేతులు కట్టుకుని, తమ షెడ్డు తమ కళ్లముందు తమ చెయ్యి పడకుండా లేవడం చూస్తూ నిలబడ్డారు.

"చూస్తున్నవా తమ్మీ" అంది సక్కుబాయి. "నలభై తట్టలన్న ఇసుక పడ్తదనుకున్న."

ఆమె మరుగుదొడ్డి తలుపు తీసి లోపలికి చూసింది, వేసింది, మళ్లీ తీసింది. గొళ్లెం పడుతోంది. ట్యాంకు కింద కుళాయి తిప్పి, దోసిలి పట్టి, అందరూ చూస్తుండగా కడుపు నిండా నీళ్లు తాగింది. అడ్డా ఆడవాళ్లంతా ఆమె వెనక వరస కట్టారు.

రామచంద్రం ఆ వైపు వెళ్లలేదు. స్తంభాలు ఒక్కొక్కటే కాలితో తన్ని చూస్తున్నాడు. మొదటిది గట్టి. రెండోది గట్టి. మూడోది ఫరవాలేదు. నాలుగోదాని దగ్గర వంగి, అడుగు బోల్టును వేలితో కదిపి, పెన్సిల్ సర్దుకున్నాడు. అప్పుడే ఆ నలుగురిలో పెద్దవాడు పానాలు సంచిలో పడేసుకుంటూ దగ్గరికి వచ్చాడు. మాట సగం హిందీ, సగం ఈ ఊరిది.

"భయ్యా, మా కాంట్రాక్టు ఇయ్యాల్టికి ఖతం. రేపటికెల్లి పని లేదు. ఇక్కడ నిలబడితే దొరుకుతదా?"

చుట్టూ ఉన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఉన్నవాళ్లకే లేదు, ఇంకో నలుగురా? అందరి కళ్లూ రామచంద్రం మీదికి తిరిగాయి. ఆయన ఆ మనిషిని తల నుంచి కాలిదాకా ఒకసారి, కాలి నుంచి తలదాకా ఒకసారి చూశాడు.

"ముందుగాల గీ బోల్టు బిగించు. తర్వాత మాట్లాడుదం."